ఐదు వారాలైనా అంకె కదలడం లేదు, ఓపిక ఎలా పట్టాలి?

అందరికీ నమస్తే. నాకు 36 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. ఐదు వారాల క్రితం బరువు 78 కిలోలు. ఇవాళ పొద్దున 77.6. అంతే!

ఏమీ చేయకుండా అడగడం లేదండి. రోజూ తెల్లారకముందే లేచి 45 నిమిషాలు నడుస్తున్నాను. టీలో చక్కెర మానేశాను. మధ్యాహ్నం అన్నం కప్పుతో కొలిచి పెట్టుకుంటున్నాను, రాత్రికి రెండు జొన్నరొట్టెలు, తోటకూర పప్పు. ఆవకాయ మాత్రం వదల్లేకపోయాను (ఆ ఉప్పుకి ఒంట్లో నీరు నిలిచి బరువు ఎక్కువ చూపిస్తుందని మా చెల్లి అంటుంది. నూనె సంగతి అది ఎత్తదు, నేనూ ఎత్తను). థైరాయిడ్ పరీక్ష చేయించాను, నార్మలే.

అసలు బాధ ఆ మెషిన్‌తోనే. పళ్లు తోముకోకముందే ఎక్కేస్తాను. మొన్న ఒక్క రోజులో 600 గ్రాములు పెరిగినట్టు చూపించింది. ఆ చిరాకంతా పిల్లాడి మీద తీర్చుకున్నాను. పైగా మా ఆయన, "చెప్పులు అరిగాయి గానీ నువ్వు అరగలేదు" అని జోకు. జాకెట్టు చేతులు మాత్రం కాస్త వదులైనట్టున్నాయి. నిజమో, నా భ్రమో.

మీలో ఎవరికైనా మొదటి నెల ఇలాగే గడిచిందా? ఎన్ని వారాలకు తేడా కనిపించింది? వారానికోసారి బరువు చూసుకుని, టేపుతో నడుము కొలుచుకుంటే నయమా? లేక మెషిన్ కొన్నాళ్లు అటకెక్కించమంటారా?