"గైకొనుట అంటే ఏటండి టీచర్?" (1 సమూయేలు 15:22)

గుణుపురం, సండే స్కూల్ టీచర్:

అందరికీ వందనాలు. మాది రాయగడ జిల్లా. ఈ నెల మా పిల్లలకి కంఠత వాక్యంగా ఇది ఇచ్చాం: "బలులు అర్పించుటకంటె ఆజ్ఞను గైకొనుటయు, పొట్టేళ్ల క్రొవ్వు అర్పించుటకంటె మాట వినుటయు శ్రేష్ఠము." మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు. తెలుగు అక్షరాలు చాలామంది సండే స్కూల్లోనే దిద్దారు. వాక్యం తడుముకోకుండా అప్పజెప్పేశారు గానీ, ఆ తర్వాత "గైకొనుట అంటే ఏటండి టీచర్?" అని అడిగారు. పాటించడం అన్నాను. అప్పుడు ఒక పాప, ఒడియాలో మాట వినడాన్ని "కొథా మానిబా" అంటారు, మరి మనం మానేయడం అంటే వదిలేయడం కదా, ఏది నిజం అంది. అందరూ నవ్వేశారు, నాకు మాత్రం ఆ ప్రశ్న నచ్చింది. ఈ మాటల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి. గైకొనుటకూ మాట వినుటకూ తేడా ఏమైనా ఉందా?

పర్లాకిమిడి, రిటైర్డ్ తెలుగు మాస్టారు:

టీచర్ గారూ, ముందు ఆ పాపకి జవాబు. ఒడియా "మానిబా" సంస్కృతం వైపు నుంచి వచ్చింది, గౌరవించడం, ఒప్పుకోవడం అనే అర్థాలున్న మాట. మన "మాను" ద్రావిడ మాట. వినడానికి ఒకలా ఉన్నాయి గానీ రెండిటికీ చుట్టరికం లేదు.

గైకొను అంటే కైకొనే. కై అంటే చేయి. తమిళులు ఇప్పటికీ చేతిని కై అనే అంటారు. మనకది కైదండ, కైమోడ్పు లాంటి మాటల్లో నిలిచింది. కైకొనడం అంటే చేతికి తీసుకోవడం, అంగీకరించడం. మీరు పాటించడం అని చెప్పింది సరైనదే, కాకపోతే అందులో ఈ చేయి కనపడదు. ఆజ్ఞ ఇచ్చేవాడు ఇస్తాడు, పుచ్చుకోవడం మన వంతు. నెత్తిన పడేసిన బరువును గైకొన్నాడని ఎవరూ అనరు. యోహాను 14:15లో యేసు "మీరు నన్ను ప్రేమించినయెడల నా ఆజ్ఞలను గైకొందురు" అన్నప్పుడు కూడా ఇదే మాట. ప్రేమించినవాడు చేయి చాపుతాడు.

మాట వినుట మన ఇళ్లలో మాటే. "ఈ గుంటడు సెప్పిన మాట ఇనడు" అంటే వాడికి చెవుడని కాదు కదా. హీబ్రూలోనూ అంతే. షామా అనే క్రియకు వినడం, విని చేయడం, రెండూ అర్థాలే. చిత్రమేమిటంటే, మన అనువాదకులు "ఆజ్ఞను గైకొనుట" అన్నచోట మూలంలో ఉన్నది ఈ షామాయే. "మాట వినుట" అన్నచోట ఉన్నది చెవి ఒగ్గి ఆలకించడం అనే మరో క్రియ. అంటే వాక్యం రెండు సగాలూ చెవి గురించే. తెలుగులో ఒక సగానికి చెవి, ఒక సగానికి చేయి వచ్చాయి. నాకైతే ఇది మన బైబిలు చేసిన మేలనిపిస్తుంది.

ఒక్క మాట పక్కగా. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఇటు వచ్చాక, ఇక్కడి క్రైస్తవ ఇళ్లలో తెలుగు చదువు నిలవడానికి ఈ పుస్తకం చాలా చేసింది. పిల్లలు ఒక పాత మాటకు అర్థం అడుగుతున్నారంటే నాకు ప్రాణం లేచొస్తుంది.

జయపురం, ఒక సోదరి:

మాస్టారూ, మీ వివరణ బాగుంది. కానీ మాట వినాలి, లోబడాలి అనే బోధ వింటుంటే నాకు టెన్షన్ వస్తుంది. ఆడవాళ్లకి చెప్పినంతగా మగవాళ్లకి చెప్పరు. దేవునికి లోబడమని మొదలుపెడతారు, చివరికి తమకు లోబడమంటారు. విధేయత అంటే నోరు మూసుకోవడమే అనుకుంటూ పెరిగిన ఆడపిల్లలు మా సంఘంలో ఉన్నారు. టీచర్ గారు ఈ వాక్యం నేర్పేటప్పుడు ఇది కూడా ఆలోచించాలి.

పర్లాకిమిడి మాస్టారు:

అమ్మా, మీ బాధకు ఆధారం ఈ అధ్యాయంలోనే ఉంది. 15వ అధ్యాయం మొత్తం ఒకసారి కూర్చుని చదవండి.

ఇశ్రాయేలు రాజు సౌలుకు ప్రవక్త సమూయేలు ద్వారా వచ్చిన ఆజ్ఞ, అమాలేకీయుల మీదికి వెళ్లి మనుషులనూ మందలనూ దేన్నీ మిగల్చవద్దని. సౌలు అస్సలు మాట విననివాడు కాదు. వెళ్లమన్నచోటికి వెళ్లాడు, యుద్ధం చేశాడు. అమాలేకీయుల రాజైన అగగును, మందల్లో మంచివాటిని మాత్రం ఉంచుకున్నాడు. పనికిరానివి చంపేశాడు. సమూయేలు వచ్చేసరికి, యెహోవా ఆజ్ఞ నెరవేర్చానని తానే ముందుగా అన్నాడు. అయితే నా చెవిన పడుతున్న ఈ గొర్రెల అరుపులు, ఎడ్ల రంకెలు ఎక్కడివి అని సమూయేలు అడిగాడు. సౌలు సమాధానం: జనం ఉంచారు, దేవునికి బలి ఇవ్వడానికే. 22వ వచనం ఆ సమాధానానికి వచ్చిన జవాబు.

హీబ్రూలో ఈ అధ్యాయం అంతటా ఖోల్ అనే ఒక మాట తిరుగుతూ ఉంటుంది. స్వరం అని అర్థం. మొదటి వచనంలో సమూయేలు సౌలును యెహోవా మాటల స్వరం వినమంటాడు. 14లో గొర్రెల అరుపుకూ అదే మాట. 19లో యెహోవా స్వరం ఎందుకు వినలేదని ప్రశ్న. 24కు వచ్చేసరికి సౌలు ఒప్పుకుంటాడు. మన బైబిల్లో "జనులకు జడిసి వారి మాట వినినందున" అని ఉంది. అక్కడా ఖోలే.

నాకు ఈ అధ్యాయంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఆ 24వ వచనం. సౌలు మాట వినడం మానలేదు, వేరేవాళ్ల మాట విన్నాడు. మనిషి ఎప్పుడూ ఎవరో ఒకరి మాట వింటూనే ఉంటాడు. ఎవరి మాట అన్నదే అతను తేల్చుకోవాలి. రోమా 6:16లో పౌలు చెప్పేదీ ఇదే, దేనికి లోబడితే దానికి దాసులం. అందుకే అమ్మా, దేవునికి లోబడినవాళ్లు మనుషుల ముందు నోరు మూసుకోరు. పేతురు, అపొస్తలులు యూదుల మహాసభ ముందు నిలబడి "మనుష్యులకు కాదు దేవునికే మేము లోబడవలెనుగదా" అన్నారు (అపొ. కార్య. 5:29). అధికారంలో ఉన్నవాళ్ల ముఖం మీదే అన్నారు. ఈ వాక్యాన్ని పట్టుకుని ఎవరైనా తనకు లోబడమంటే, అతను సౌలు చుట్టూ చేరిన జనంలో ఒకడు.

ఇంకోటి. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు "ఈ గిన్నె నాయొద్దనుండి తొలగిపోనిమ్ము" అని ముందు అడిగాడు. అడిగాకే "నీ చిత్తప్రకారమే కానిమ్ము" అన్నాడు. అడగడం, ఏడవడం అవిధేయత కాదని పిల్లలకు తప్పకుండా చెప్పండి. "తాను పొందిన శ్రమలవలన విధేయతను నేర్చుకొనెను" అని హెబ్రీ పత్రిక ఆయన గురించే అంటుంది (5:8). కుమారుడే నేర్చుకుంటే మనకు ఒక్కరోజులో ఎలా వస్తుంది?

కాశీనగర్, రైతు:

మాస్టారు గారూ, మా పల్లె సంగతి చెబుతాను. కోత పండుగకి ధాన్యం బస్తాలు తెచ్చి గుడిలో పెడతాం, జీడిపిక్కలు తెస్తాం, వేలం పాడతాం. మంచిదే. అదే వారం కోత కోసిన కూలివాళ్లు డబ్బుల కోసం గుమ్మం దగ్గర నిలబడితే, వచ్చే వారం రమ్మంటాం. యాకోబు 5:4లో "మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది" అని ఉంది. మీరు గొర్రెల అరుపుల గురించి రాశాక నాకు ఈ వచనమే చెవిలో మోగుతోంది. కానుక తగ్గినా ఫర్వాలేదు, ముందు కూలి ఇచ్చి రండి అని సంఘాల్లో చెప్పాలి.

రాయగడ, ఒక సభ్యుడు:

నాదొక ఇబ్బంది. ఆ అధ్యాయంలోని ఆజ్ఞ అమాలేకీయులను పసిపిల్లలతో సహా నిర్మూలించమని. అది పిల్లలకు ఎలా చెబుతారు?

పర్లాకిమిడి మాస్టారు:

బాబూ, ఎనిమిదేళ్ల పిల్లలకు ఆ భాగం ఇప్పుడు వద్దు. పెద్దల కూటంలో మాత్రం దాటేయకూడదు, అక్కడ కష్టంగానే మాట్లాడుకోవాలి. నేను ఒకటి గట్టిగా నమ్ముతాను. క్రీస్తు మన చేతికి ఇచ్చిన ఆజ్ఞ "మీ శత్రువులను ప్రేమించుడి" అన్నది (మత్తయి 5:44). సౌలుకు ఇచ్చింది చూపించి ఎవరూ మనచేత కత్తి పట్టించలేరు.

గుణుపురం టీచర్:

మాస్టారూ, అన్నయ్యా, జయపురం అక్కా, చాలా థాంక్స్. వచ్చే ఆదివారం చేతులు చాపించి గైకొనుట చెబుతాను. దానితో పాటు మత్తయి 21లోని ఇద్దరు కుమారుల కథ పిల్లలచేత ఆడిద్దామనుకుంటున్నాను. ఒకడు పోనని చెప్పి తర్వాత ద్రాక్షతోటకు వెళ్తాడు. ఇంకొకడు పోతానయ్యా అని వెళ్లడు. పోతానన్నవాడి వేషం వేయడానికి ఎవరూ ఒప్పుకోరేమోనని భయంగా ఉంది. గెత్సేమనే సంగతి మాత్రం ఆడపిల్లలకు విడిగా కూర్చోబెట్టి చెబుతాను.