డెబ్బై ఎనిమిదేళ్ల నాన్నకి మాత్ర ఒక్కటే చాలా, కీమో కూడా కలపాలా?

తెనాలి పెద్దోడు:
నాన్నకి 78. జన్మలో బీడీ ముట్టలేదు. దగ్గు తగ్గకపోతే టీబీ అని రెండు నెలలు మందులు వాడించారు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి రెండుసార్లు తీయాల్సొచ్చింది, అప్పుడు బయటపడింది. అడినోకార్సినోమా, అంటే ఒకరకం ఊపిరితిత్తుల క్యాన్సర్, ఎముకలకీ పాకింది. గడ్డ కణాల్లో ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువులో మార్పు (మ్యుటేషన్) ఉందట, ఎక్సాన్ 19 డిలీషన్, అంటే అందులో ఓ ముక్క లేదట. ఒక డాక్టరుగారు ఆ మార్పు మీదే పనిచేసే ఓసిమెర్టినిబ్ మాత్ర రోజుకొకటి చాలన్నారు. ఇంకొకాయన దానికి కార్బోప్లాటిన్, పెమెట్రెక్సెడ్ అనే కీమో మందులు కూడా కలపమంటున్నారు. డల్లాస్‌లో ఉన్న తమ్ముడు "ఉన్నవన్నీ వాడించన్నయ్యా" అంటాడు. అమ్మ కీమో పేరెత్తితేనే ఏడుస్తోంది. నాన్నకి ఇరవై ఏళ్లుగా షుగరు. మీరైతే ఏం చేసేవారు?

లెక్కల మాస్టారు:
నాది మీ తమ్ముడి మాటే. ముంబై టాటా మెమోరియల్‌లో 350 మందిపై చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. జెఫిటినిబ్ (ఇదే కోవలో పాత మాత్ర) ఒక్కటే వాడినవాళ్లలో జబ్బు అదుపులో ఉన్నది మధ్యస్థంగా 8 నెలలు, ఈ రెండు కీమో మందులూ కలిపితే 16. ఓసిమెర్టినిబ్‌తోనూ 2023 నాటి ఫ్లారా-2 అనే అధ్యయనంలో 16.7 నెలలు కాస్తా 25.5 అయ్యాయి. పెద్దాయన కదా అని మందు తగ్గించడం కొందరికి జాలిగా తోస్తుందేమో, నాకు వివక్షలా ఉంటుంది.

గోదారి గట్టు:
ఈ వయసులో ఇవన్నీ ఎందుకండీ? మా మావయ్యకి కీమో పెట్టించి ఆఖరి మూడు నెలలూ ఆస్పత్రి మంచానికే కట్టేశాం. ఇంటికి తీసుకెళ్లి ఇంత మజ్జిగన్నం పెట్టుకోండి.

నైట్‌డ్యూటీ సిస్టర్:
గట్టు గారూ, మీ మావయ్యగారికి మ్యుటేషన్ పరీక్ష చేయించారా? అది లేనివాళ్ల కథ వేరు. ఆసియాలో చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో అలాంటివాళ్లకి జెఫిటినిబ్ కన్నా కీమోయే మెరుగని తేలింది. మ్యుటేషన్ ఉంటే ఎనభయ్యేళ్లవాళ్లకీ మాత్ర పనిచేస్తుంది. జపాన్‌లో 75 దాటిన 31 మందికి జెఫిటినిబ్ ఒక్కటే ఇస్తే నలుగురిలో ముగ్గురికి గడ్డ తగ్గింది, మధ్యస్థంగా ఏడాదిపాటు అదుపులో ఉంది. చిన్న అధ్యయనమే, ఒప్పుకుంటా.
మాస్టారూ, టాటా లెక్క సగమే చెప్పారు. తీవ్రమైన దుష్ప్రభావాలు మాత్ర ఒక్కటే వాడినవాళ్లలో 25 శాతం, కీమో కలిపినవాళ్లలో 51.
పెద్దోడు గారూ, నాన్నగారి బరువెంత, కిడ్నీల కోసం చేసే రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంత? టీబీ మందులు ఆపేశారా? అందులో రిఫాంపిసిన్ ఉంటుంది, అది ఓసిమెర్టినిబ్‌ని రక్తంలో నిలవనివ్వదు.

తెనాలి పెద్దోడు:
టీబీవి పోయిన వారమే ఆపించారు. బరువు 52 కిలోలు. క్రియాటినిన్ 1.2, రిపోర్టులో నార్మల్ అనే ఉంది.

నైట్‌డ్యూటీ సిస్టర్:
ఆ నార్మల్‌ని నమ్మకండి. 140లోంచి 78 తీసేసి, 52తో గుణించి, 72 ఇంటూ 1.2తో భాగించండి. కిడ్నీలు వడపోసేది నిమిషానికి 37 మిల్లీలీటర్లని వస్తుంది. కిడ్నీ పనితనం 45 కన్నా తక్కువుంటే పెమెట్రెక్సెడ్ వద్దని ఆ మందు సమాచార పత్రంలోనే ఉంటుంది. ఈ సంగతి రెండో డాక్టరుగారిని అడగండి. ఓసిమెర్టినిబ్‌కైతే 37 దగ్గర డోసు మార్చక్కర్లేదు. మొదలెట్టేముందు ఈసీజీ, వీలైతే ఎకో (గుండె స్కాన్) చేయించండి. విరేచనాలు, ఒంటిమీద దద్దుర్లు, గోరుచుట్టు వస్తుంటాయి, వాటికి మందులున్నాయి. కొత్తగా ఆయాసం వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు.

లెక్కల మాస్టారు:
నేనూ వేసి చూశాను, 37 సరిపోయింది. ఈయనకి కలపమని ఇక అనను. కానీ అడ్డొచ్చింది కిడ్నీ అండీ, 78 అడ్డు రాలేదు. అదే వయసులో కిడ్నీలు బాగుండి, రోజూ పొలం చుట్టొచ్చే మనిషైతే మళ్లీ నాది పాత మాటే.
ఖరీదు సంగతి ఎవరూ ఎత్తలేదేం? 2024లో ఓసిమెర్టినిబ్‌పై కస్టమ్స్ సుంకం ఎత్తేశారు, జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దించారు. అయినా మామూలు ఇంటికి బరువే. జెఫిటినిబ్ జెనరిక్ అయితే చాలా చవక.

నైట్‌డ్యూటీ సిస్టర్:
జెఫిటినిబ్‌కెళ్తే, పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటుంటే ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి. కడుపులో ఆమ్లం తగ్గితే జెఫిటినిబ్ సరిగా ఇంకదు.
అన్నట్టు, నాన్నగారేమంటున్నారు?

తెనాలి పెద్దోడు:
ఆయనకి ఇంకా టీబీ అనే చెప్పామండీ. ఎప్పుడూ వరండాలో కూర్చోబెట్టి మేమే లోపలికెళ్తాం. గురువారం ఆయన్నీ లోపలికి తీసుకెళ్తాను.