లేని సైన్యాన్ని తెలుగులో ఏమనాలి?

అసలు పోస్టు

సభ్యులందరికీ నమస్కారం. రెండో ప్రపంచ యుద్ధం మీద ఒక వ్యాసం తెలుగులో రాస్తున్నాను. ఒక్క మాట దగ్గర రెండు రోజులుగా బండి కదలట్లేదు. 1944లో ఫ్రాన్స్ తీరంలోని నార్మండీ మీద దాడి ముందు మిత్రరాజ్యాల వాళ్లు జర్మన్లను ఏమార్చడానికి లేని సైన్యాలను సృష్టించారు కదా. ఇంగ్లీషు పుస్తకాల్లో ఘోస్ట్ ఆర్మీ, ఫాంటమ్ డివిజన్, నోషనల్ యూనిట్ అని ఇష్టమొచ్చినట్టు వాడారు. నేను మొదట 'దెయ్యాల సైన్యం' అని రాశాను. మా అమ్మాయి చదివి, "ఇది పిల్లల కథా నాన్నా?" అంది. 'నకిలీ సైన్యం' అని మార్చాను. అదీ కుదరలేదు. నకిలీ విత్తనమంటే చేతిలో విత్తనం ఉంటుంది, మొలకెత్తదు అంతే. ఇక్కడ విత్తనమే లేదు. ఏమందాం?

జవాబు

'మాయాసైన్యం' ఉండగా ఇంత ఆలోచన దేనికండీ? యుద్ధకాండలో ఇంద్రజిత్తు మాయాసీతను వానరుల ఎదుటే నరికి చూపిస్తాడు. హనుమంతుడంతటివాడే నమ్మాడు. శత్రువును దెబ్బతీయడానికి లేనిదాన్ని ఉన్నట్టు చూపడం మనకు పాత విద్యే.

జవాబు

నేను మా మండలంలో ఉపాధి హామీ పనులు చూసినవాణ్ణి. మాకు దీనికి తయారుగా ఒక మాట ఉంది: దొంగ మస్టర్లు. కాగితం మీద యాభై మంది, చెరువు దగ్గర పలుగూ లేదు, పారా లేదు. తేడా ఒక్కటే, అక్కడ జర్మన్లు తనిఖీకి రాలేకపోయారు.

జవాబు

మస్టర్ల మాట చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. రిటైరైన టీచర్ని. మా వాళ్లలో 'నోషనల్' తెలియనివాళ్లుండరు. నోషనల్ ఇంక్రిమెంట్ అంటే సర్వీసు రిజిస్టరులో పడుతుంది, బకాయి మాత్రం చేతికి రాదు. బ్రిటిష్ వాళ్లు ఈ లేని దళాలకు వాడిన మాట కూడా ఇదే. 'నోషనల్ డివిజన్' అని ఉంచేస్తే కనీసం ఉద్యోగులకైనా అర్థమవుతుంది.

జవాబు

అసలు పోస్టులో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. అందుకే ఏ మాట పెట్టినా ఒక పక్క అతుకుతుంది, ఇంకో పక్క ఊడుతుంది.

ఘోస్ట్ ఆర్మీ అని ఇప్పుడు పిలుస్తున్నది లేని సైన్యం కాదు. అమెరికన్ సైన్యంలోని 23వ హెడ్‌క్వార్టర్స్ స్పెషల్ ట్రూప్స్ అనే దళం, సుమారు 1,100 మంది. చిత్రకారులు, డిజైనర్లు చాలామందే ఉండేవారు. గాలి కొడితే లేచే రబ్బరు ట్యాంకులు, యుద్ధవాహనాల చప్పుడు రికార్డు చేసి వినిపించే లౌడ్ స్పీకర్లు, ఉత్తుత్తి రేడియో సందేశాలు వాళ్ల సరంజామా. ఇంకో డివిజన్ చిహ్నాలు భుజాలకు కుట్టుకుని, బండ్ల మీద ఆ డివిజన్ గుర్తులు వేసుకుని తిరిగేవారు. 1945 మార్చిలో రైన్ నది దాటే సమయంలో 30వ, 79వ డివిజన్లుగా కనిపించింది వీళ్లే. ఆ రెండూ నిజమైన డివిజన్లే, కాకపోతే ఆ వేళకు ఇంకో చోట నది దాటుతున్నాయి. వేషం మార్చి పొద్దున్నే ఊళ్లోకొచ్చి అందరినీ నమ్మించే కళాకారులకు మనకు చక్కటి పేరుంది: పగటివేషగాళ్లు. 'పగటివేషాల దళం' అంటే ఇంగ్లీషు పేరుకన్నా బాగుంటుందని నా అభిప్రాయం. వాళ్లకు 2024లో అమెరికన్ కాంగ్రెస్ బంగారు పతకం ఇచ్చింది.

రబ్బరు ట్యాంకులది రెండో సంగతి. అవి చేలో దిష్టిబొమ్మలు. కనబడ్డానికే ఉన్నాయి.

మూడోదే చిక్కు. ఇంగ్లండ్ ఆగ్నేయ తీరంలో అమెరికన్ జనరల్ ప్యాటన్ కింద ఉన్నట్టు నమ్మించిన ఫస్ట్ యుఎస్ ఆర్మీ గ్రూప్, స్కాట్లండ్ నుంచి నార్వే మీదికి దిగబోతున్నట్టు చెప్పిన బ్రిటిష్ ఫోర్త్ ఆర్మీ. వీటికి 'మాయ' ఎందుకు సరిపోదంటే, మాయ కంటికి కనిపించేది. హనుమంతుడు మాయాసీతను చూశాడు. 1944 నాటికి ఇంగ్లండ్ మీద జర్మన్ విమానాలు పెద్దగా తిరగలేని పరిస్థితి. వాళ్లు చూసి నమ్మినదానికన్నా విని నమ్మిందే ఎక్కువ. చెప్పినవాళ్లు జర్మన్లకు పనిచేస్తున్నట్టు నటిస్తూ బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉన్న గూఢచారులు. వాళ్లలో గార్బో అనే మారుపేరుతో పనిచేసిన స్పెయిన్ మనిషి హువాన్ పుజోల్ దగ్గర ఇరవైకి పైగా సహాయకులుండేవారు, ఒక్కరూ పుట్టలేదు! లేని మనుషులు లేని సైన్యాన్ని చూసొచ్చి చెప్పారన్నమాట. నార్మండీ దాడి మొదలై మూడు రోజులయ్యాక, జూన్ 9న, ఇది దృష్టి మళ్లించడానికేనని అతను పంపిన సందేశాన్ని జర్మన్లు నమ్మారు. ఫ్రాన్స్ తీరంలోనే ఇంకో చోటైన కాలే వైపు అసలు దాడి వస్తుందని వాళ్ల 15వ సైన్యంలో చాలా భాగం వారాల తరబడి అక్కడే కూర్చుంది.

ఇంకో మెలిక. ప్యాటన్ కింద చూపించిన పట్టీలో అన్నీ లేనివే కావు. కెనడా ఫస్ట్ ఆర్మీ, అమెరికా థర్డ్ ఆర్మీ నిజమైనవే. పాలలో నీళ్లు కలిపినట్టు కలిపారు. మొత్తాన్ని 'నకిలీ' అంటే అబద్ధం మనం చెప్పినట్టవుతుంది.

కాబట్టి పూర్తిగా లేనిదాన్ని 'ఉత్తుత్తి' అనండి. ఉత్త చేతులు, ఉత్తి మాటలు అంటాం కదా, ఆ 'ఉత్తి' రెండుసార్లు వచ్చి ఉత్తుత్తి అయింది, ఔరౌర లాగే. పిల్లలు బొమ్మల పెళ్లి చేస్తే ఉత్తుత్తి పెళ్లి. అందులో మోసం వాసన లేదు, ఉన్నట్టు అనుకోవడం ఉంది. 'నోషనల్'లో ఉన్నదీ అదే.

జవాబు

మేకపోతు గాంభీర్యం అంటే పోదా? గుహలోకి సింహం వస్తే మేక గడ్డం ఊపి బెదిరించిన కథే కదా ఇది.

పైన రాసినవారు

అది గుర్తొచ్చింది గానీ వదిలేశాను. మేకకు గడ్డం తప్ప ఇంకేమీ లేదు. మిత్రరాజ్యాలకు నిజమైన సైన్యం నార్మండీలో దిగే ఉంది. వాళ్లకు కావలసింది ప్రాణం దక్కడం కాదు, సింహం ఇంకో గుహ దగ్గర కాపలా కాయడం.

జవాబు

ఉత్తుత్తి నాకు నచ్చింది కానీ ఒక సందేహం. ఉత్తుత్తిగా మొదలై నిజమైపోతే? 1941 మొదట్లో కైరోలో డడ్లీ క్లార్క్ అనే బ్రిటిష్ అధికారి, ఇటాలియన్లను బెదరగొట్టడానికి ఫస్ట్ స్పెషల్ ఎయిర్ సర్వీస్ బ్రిగేడ్ అని ఒక పారాచూట్ దళాన్ని కల్పించాడు. అప్పటికి అందులో ఎవరూ లేరు. అదే ఏడాది డేవిడ్ స్టిర్లింగ్ అనే ఇంకో అధికారి చిన్న దళం ఒకటి పెడితే, ఆ అబద్ధానికి ఊతంగా ఉంటుందని దానికి అదే పేరు తగిలించారు. ఇవాళ్టి బ్రిటిష్ ప్రత్యేక దళం ఎస్‌ఏఎస్ అదే. దాన్నేమంటారు మాస్టారూ?

పైన రాసినవారు

ఉత్తుత్తి పెళ్లికి నిజంగానే తాళి పడింది అంటాను. తిరగేసినదీ ఉంది. ఫస్ట్ యుఎస్ ఆర్మీ గ్రూప్ మొదట బ్రాడ్లీ అనే అమెరికన్ జనరల్ కింద నిజంగా పెట్టిన కార్యాలయమే. అసలు పని 12వ ఆర్మీ గ్రూపుకు వెళ్లిపోయి, పేరొక్కటే నాటకానికి మిగిలింది. ప్యాటన్ ఫ్రాన్స్ వెళ్లాక ఆ పేరుకు సేనాపతిగా వచ్చిన అమెరికన్ జనరల్ మెక్‌నేర్ 1944 జులై 25న నార్మండీలో పొరపాటున పడిన సొంత విమానాల బాంబులకు చనిపోయాడు.

అసలు పోస్టు పెట్టినవారు

అందరికీ ధన్యవాదాలు. పగటివేషాల దళం, ఉత్తుత్తి సేన, రెండూ తీసుకుంటున్నాను. దిష్టిబొమ్మ ట్యాంకులు కూడా. దొంగ మస్టర్లు మా ఎడిటర్ ఒప్పుకోరు, నాకైతే అదే ఇష్టం. ఆఖరి ప్రశ్న: డివిజన్‌ను పటాలం అనొచ్చా?

జవాబు

వద్దండీ. పటాలం బెటాలియన్ నుంచి వచ్చింది, డివిజన్‌లో అలాంటివి చాలా ఉంటాయి. డివిజన్ అనే ఉంచండి. రెవెన్యూ డివిజన్ అనుకుంటారని భయమేస్తే ముందు 'సైనిక' చేర్చండి.