జాబితాలో ఒక వరుస దగ్గరికి చేర్చాలంటే స్క్రోల్‌ఇంటూవ్యూ (వరుస కనబడేలా బ్రౌజరే జరిపే జావాస్క్రిప్ట్ పిలుపు) చాలదా, స్క్రోల్‌టాప్ (డబ్బా ఎన్ని పిక్సెళ్లు జరిగిందన్న లెక్క) మనమే లెక్కేయాలా?

కిరణ్_కాడుగోడి
బెంగళూరు నమ్మ మెట్రో పర్పుల్ లైన్ స్టేషన్లు 37, చల్లఘట్ట నుంచి వైట్‌ఫీల్డ్ దాకా, ఒక పేజీలో పెడుతున్నాం. పైన మ్యాప్, దాని కింద 400 పిక్సెళ్ల ఎత్తు డబ్బాలో జాబితా. పేజీ తెరవగానే ఎంచుకున్న స్టేషన్ (22వది ఇందిరానగర్ అనుకోండి) డబ్బాలో కనబడాలి. స్క్రోల్‌ఇంటూవ్యూ పిలిస్తే జాబితాతో పాటు పేజీ కూడా జారి మ్యాప్ పైకి పోతోంది. పైగా వరుస డబ్బా పై అంచుకి చేరి, అక్కడ స్టిక్కీగా (జాబితా జరిగినా కదలకుండా) ఉన్న 48 పిక్సెళ్ల హెడర్ కింద దాక్కుంటోంది. మీరైతే ఎలా చేస్తారు?

వాసు_హెచ్ఎస్ఆర్
బ్లాక్ (వరుస ఏ అంచుకి చేరాలో చెప్పే ఎంపిక) చెప్పకపోతే స్క్రోల్‌ఇంటూవ్యూ దాన్ని 'స్టార్ట్' కింద తీసుకుంటుంది, అందుకే పై అంచుకి పోతోంది. 'నియరెస్ట్' ఇవ్వండి. వరుస కనబడుతుంటే అసలు కదలదు, లేకపోతే కావలసినంతే కదులుతుంది. హెడర్ కోసం డబ్బా సీఎస్ఎస్‌లో స్క్రోల్-ప్యాడింగ్-టాప్ (జరిపేటప్పుడు పైన వదలాల్సిన ఖాళీ) 48. పని అయిపోయింది, జావాస్క్రిప్ట్‌లో కూడికలు తీసివేతలు వద్దు.

లలిత_మారతహళ్లి
వాసు గారూ, 'నియరెస్ట్' పెట్టినంత మాత్రాన పేజీ ఆగదు. ఆ పిలుపు వరుస చుట్టూ స్క్రోల్ అయ్యే డబ్బాలు ఎన్ని ఉంటే అన్నిటినీ కదుపుతుంది, పేజీ కూడా వాటిలో ఒకటే. ఫోన్‌లో మ్యాప్ తెరనిండా ఉంటే జాబితా తెర బయట ఉంటుంది, కాబట్టి పేజీ జారి తీరుతుంది. ఇంకోటి, పైనుంచి కిందికి వెళ్లేటప్పుడు 'నియరెస్ట్' వరుసని డబ్బా కింది అంచుకి ఆనిస్తుంది. ఇందిరానగర్ కనబడుతుంది, తర్వాతి స్వామి వివేకానంద రోడ్ కనబడదు. రైల్లో ఉన్న మనిషికి కావలసింది ఆ తర్వాతి స్టేషనే కదా.

కిరణ్ గారూ, డబ్బాకి పొజిషన్ రిలేటివ్ పెట్టండి, అప్పుడు వరుస ఆఫ్‌సెట్‌టాప్ (పైనుంచి వరుస దాకా దూరం) ఆ డబ్బా నుంచే లెక్కవుతుంది. 400లో హెడర్ 48 పోతే 352. వరుస 56 అయితే మధ్యకి రావడానికి హెడర్ కింద 148 ఖాళీ ఉండాలి. అంటే వరుస డబ్బా పై అంచుకి 196 కింద నిలవాలి. స్క్రోల్‌టాప్ = వరుస ఆఫ్‌సెట్‌టాప్ − 196. డబ్బా ఒక్కటే కదులుతుంది. రిలేటివ్ మరిచిపోతే ఆఫ్‌సెట్‌టాప్‌లో మ్యాప్ ఎత్తు కూడా కలిసిపోయి జాబితా ఎక్కడో చివర్లో ఆగుతుంది.

వాసు_హెచ్ఎస్ఆర్
56 అని రాసేస్తే ఎలా? అక్షరాలు పెద్దవి చేసుకున్నవాళ్లకి శ్రీ సత్యసాయి హాస్పిటల్ పేరు రెండు లైన్లవుతుంది. మీ 196 అక్కడే తప్పిపోతుంది.

లలిత_మారతహళ్లి
56 ఉదాహరణకి చెప్పాను. కోడ్‌లో వరుస ఎత్తుకి ఆఫ్‌సెట్‌హైట్, డబ్బా ఎత్తుకి క్లయింట్‌హైట్ అడిగి తీసుకుంటాం.

వాసు_హెచ్ఎస్ఆర్
హెడర్ 48 కూడా మారుతుంది. దాన్నీ కొలవాలి. బ్రౌజర్ చేసి పెట్టే పనిని మీరు మళ్లీ చేతితో చేస్తున్నారు.

రామ్_బీటీఎమ్
రియాక్ట్-విండో (పొడవైన జాబితాలు చూపించే రియాక్ట్ లైబ్రరీ) వాడండి, దానికి వరుస నంబరిస్తే చాలు.

సుధ_జయనగర్
37 వరుసలకి అదెందుకండీ? కనబడే వరుసలనే పేజీలో ఉంచుతుంది, కంట్రోల్-ఎఫ్ కొట్టి "హూడి" వెతికితే దొరకదు. వేల వరుసలున్నప్పుడు వాడాల్సిన వస్తువు అది. ఇంకో మాట, ఫాంట్ లోడయ్యే ముందే కొలిస్తే వరుసల ఎత్తు తర్వాత మారిపోయి గురి తప్పుతుంది. ఫాంట్లు లోడయ్యాయని చెప్పే డాక్యుమెంట్.ఫాంట్స్.రెడీ వచ్చాక పిలవండి.

వాసు_హెచ్ఎస్ఆర్
చూశారా, కొలతలు పెట్టుకుంటే వచ్చే తలనొప్పి!

సుధ_జయనగర్
మీ పద్ధతికీ అదే వర్తిస్తుంది. ఎవరు కొలిచినా ఆ క్షణంలో ఉన్న ఎత్తే దొరుకుతుంది.

కిరణ్_కాడుగోడి
లలిత గారి పద్ధతి పనిచేసింది, థాంక్సండీ. కానీ ప్రతి 15 సెకన్లకి కొత్త టైమింగ్స్ వచ్చినప్పుడు కూడా అదే ఫంక్షన్ నడుస్తోంది. చూసేవాళ్లు చేత్తో కెంగేరి దాకా పైకి వెళ్తే మళ్లీ ఇందిరానగర్‌కి లాగేస్తోంది.

లలిత_మారతహళ్లి
అది తీసేయండి! మనిషి ఒకసారి జాబితాని ముట్టుకున్నాక దాన్ని మనం కదపకూడదు. కావాలంటే "ఇందిరానగర్‌కి వెళ్లు" అని చిన్న బటన్ పెట్టండి.

వాసు_హెచ్ఎస్ఆర్
అలా ఒక్క గీత గీసేస్తే కుదరదు. రైలు ముందుకెళ్తుంటే జాబితా దానితో పాటు నడవాలి. ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డ ప్రయాణికుడు స్టేషన్ స్టేషన్‌కీ బటన్ నొక్కుతాడా? నేను మొదటినుంచీ 'నియరెస్ట్' అంటున్నది ఇందుకే. వరుస కనబడుతున్నంతసేపు కదలదు, అంచు దాటితేనే కదులుతుంది.

లలిత_మారతహళ్లి
ఆ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు వాసు గారూ! మీరు అడుగుతున్నది రైలు వెంట నడిచే జాబితా, నేను మాట్లాడుతున్నది చదువుతున్న మనిషి చేతిలోంచి పేజీ లాక్కోవద్దని. చూపు తక్కువగా ఉండి తెర పెద్దది చేసుకున్న వాళ్లకి ఒక్క కుదుపుతో చదివే చోటు పోతుంది, మళ్లీ వెతుక్కోవాలి. దీన్ని నేను ఒప్పుకోను.

వాసు_హెచ్ఎస్ఆర్
నేను మాత్రం లాక్కోమన్నానా? స్టేషన్ దాటిపోయిందని తెలియక దిగాల్సిన చోటు తప్పిపోయే వాళ్ల సంగతి కూడా చూడండి.

సుధ_జయనగర్
రెండూ కుదురుతాయి. ఒక భాగం కనబడుతోందో లేదో చెప్పే ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్‌కి రూట్‌గా (దేనిలోపల చూడాలో) ఆ డబ్బానే ఇచ్చి ప్రస్తుత స్టేషన్ వరుసని గమనించండి. కొత్త స్టేషన్ వచ్చే ముందు పాత వరుస డబ్బాలో కనబడుతుంటే జాబితాని నడిపించండి. కనబడకపోతే ఆ మనిషి వేరే చోట చదువుతున్నట్టే, కదపకండి, లలిత గారు చెప్పిన బటన్ అప్పుడు చూపించండి. స్క్రోల్ ఈవెంట్ మీద ఆధారపడొద్దు, మనం కదిపినా మనిషి కదిపినా అది ఒకేలా వస్తుంది.

లలిత_మారతహళ్లి
మొదటిసారి పేజీ తెరిచినప్పుడు వరుస కనబడదు కాబట్టి అప్పుడొక్కసారి షరతు లేకుండా పిలవాలి. ప్రిఫర్స్-రెడ్యూస్డ్-మోషన్ (తెర మీద కదలికలు తగ్గించమనే సెట్టింగ్) పెట్టుకున్నవాళ్లకి 'స్మూత్' జారుడు వద్దు. ప్రస్తుత వరుసకి ఏరియా-కరెంట్ 'లొకేషన్' (ప్రస్తుత చోటు ఇదేనన్న గుర్తు) ఇవ్వండి, తెర చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కి స్క్రోల్ ఒక్కటే ఏమీ చెప్పదు. బటన్ నొక్కినప్పుడు మాత్రం ఫోకస్ కూడా ఆ వరుసకి వెళ్లాలి: ట్యాబ్‌ఇండెక్స్ −1 (కోడ్ నుంచి ఫోకస్ ఇవ్వడానికి), ఫోకస్‌లో ప్రివెంట్‌స్క్రోల్ ట్రూ (పేజీ జరగకుండా). లేకపోతే ఫోకస్ తనంతట తాను పేజీని జరుపుతుంది, కిరణ్ గారి మొదటి సమస్య మళ్లీ మొదలు.

వాసు_హెచ్ఎస్ఆర్
అబ్జర్వర్ సరే. పాత వరుస సగమే కనబడితే కనబడినట్టా కానట్టా? థ్రెషోల్డ్ (ఎంత వంతు కనబడాలన్నది) ఎంత పెడతారు?

కిరణ్_కాడుగోడి
0.5 పెట్టాను, రూట్‌మార్జిన్‌లో (గమనించే హద్దులో) పైన −48, హెడర్ కింద ఉన్నది లెక్కలోకి రాకుండా. రేపు వైట్‌ఫీల్డ్ వైపు రైల్లో ఫోన్‌తో చూసి చెప్తాను.