రోజూ 40 కిలోమీటర్లు బండి మీద: పెట్రోలు తగ్గించేదెట్ల?

పానగల్లు:
నల్లగొండ నుంచి నార్కట్‌పల్లికి రోజూ బండి మీదే పోయివస్తా, రానుపోను 40 కిలోమీటర్లు. నెలకు 25 రోజులు. నాలుగేళ్ల 100 సీసీ బండి. లీటరుకు 60 ఇచ్చేది, మొన్న సర్వీసింగ్ అయినంక 48కి పడింది. ఖర్చు ఒక్కటే కాదు, ఇంత పొగ వదలడానికి మనసొప్పుతలేదు. ఏం చూడాలె? ఎలక్ట్రిక్ స్కూటర్ తీసుకోవడమే నయమా?

మూసీ గట్టు:
ముందు లెక్క సరిచూడండి. ఫుల్ ట్యాంక్ కొట్టించి ట్రిప్ మీటర్ సున్నా చేయండి. మళ్లీ అదే బంకులో ఫుల్ కొట్టించినప్పుడు, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి.

సర్వీసింగ్ తర్వాతే పడిందంటే మొదటి అనుమానం వెనక బ్రేకు మీదే. సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో చక్రం చేత్తో తిప్పండి. వెంటనే ఆగిపోతే బ్రేకు పట్టేస్తున్నట్టే. బ్రేకు బాగా పడాలని రాడ్ నట్టు అతిగా బిగిస్తుంటారు. పెడల్ 20–30 మి.మీ. ఖాళీగా దిగాకే బ్రేకు అందుకోవాలి. నట్టు వదులు చేసినా చక్రం బిగుసుకునే ఉంటే డ్రమ్ము విప్పించి, బ్రేక్ క్యామ్ (లైనర్లను, అంటే బ్రేకు పట్టీలను, డ్రమ్ముకు నొక్కే ముక్క) శుభ్రం చేయించి, కొద్దిగా గ్రీజు పెట్టించండి. లైనర్లకు మాత్రం అంటనీయొద్దు.

గాలి టైరు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. ఈ బళ్లకు మామూలుగా ముందు 25, వెనక 28 పీఎస్ఐ. వెనక మనిషి ఎక్కితే ఎంతో బండి మీది స్టిక్కర్ చెబుతుంది. ఎయిర్ ఫిల్టర్ నూనె పట్టించిన కాగితంది అయితే గాలి కొట్టి దులపొద్దు, దుమ్మును పట్టేది ఆ నూనే. మట్టి పేరుకుంటే మార్చడమే.

జడ్చర్ల చౌరస్తా:
పెట్రోలు వల్ల కూడా కొంత పోతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసింది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండొంతులే. 60 కాస్తా 57కి పడితే అది ఇంధనం వల్ల అనుకోవచ్చు. 48కి పడితే బండిలోనే ఏదో ఉంది.

ఇక వేగం. గాలి ఎదురుతోపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 45లో ఉన్నదానికి 65లో రెండింతలు. 20 కిలోమీటర్లకు మీకు కలిసొచ్చేది ఎనిమిది నిమిషాలే. 45–50 దాటించకండి.

దేవరకొండ దారి:
లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్. మీ వెయ్యి కిలోమీటర్లకు 48 మైలేజీతో నెలకు 48 కిలోలు, 60తో 38. ఎలక్ట్రిక్ స్కూటర్‌కు చార్జింగ్ నష్టం కలుపుకుని 35 యూనిట్లు వేసుకోండి. మన కరెంటులో బొగ్గుదే పెద్ద వాటా, యూనిట్‌కు దాదాపు 0.7 కిలో. అంటే 25 కిలోలు. ఇంటిమీద సోలార్ ఉండి పగలే చార్జింగ్ పెడితే ఇంకా బాగా తగ్గుతుంది. ఎండాకాలం బండి ఆపగానే చార్జింగ్ పెట్టొద్దు, బ్యాటరీ చల్లారనివ్వండి.

వేళలు కుదిరిన రోజు ఆర్టీసీ బస్సుకు పోవడం వీటన్నిటికంటే మేలు. మీరెక్కినా ఎక్కకున్నా ఆ బస్సు తిరిగేదే.

పానగల్లు:
మంచిది. బ్రేకు రేపే చూపిస్తా. ఇంట్ల కరెంటు నెలకు 170 యూనిట్లు అవుతుంది, గృహజ్యోతి (200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం) వస్తున్నది. స్కూటర్ తీసుకుంటే ఇబ్బందా?

దేవరకొండ దారి:
170కి 35 కలిస్తే 205. 200 దాటిన నెల దాటిన ఐదింటికే కాదు, మొత్తానికి బిల్లు కట్టాలి. పాత ఫ్యాన్లు తీసి బీఎల్‌డీసీవి, అంటే తక్కువ కరెంటుతో తిరిగే మోటారువి, పెట్టండి. పాతది 75 వాట్లు తీసుకుంటే ఇది 30 లోపే. రోజుకు పది గంటలు తిరిగే రెండు ఫ్యాన్లు మారిస్తే నెలకు 27 యూనిట్లు మిగులుతాయి. స్కూటర్ సంగతి ఆ తర్వాత చూడండి.