తలకి దెబ్బ తగిలాక మతిమరుపు: ఈ స్థితిలో కొత్తగా ఏదైనా నేర్చుకోవడం అయ్యే పనేనా?

ఏలూరు రోడ్డు:

అందరికీ నమస్కారమండి. మాది విజయవాడ, సత్యనారాయణపురం. పోయినేడాది బండి వెనక కూర్చుని వస్తుంటే చీర కొంగు చక్రంలో పడి రోడ్డు మీద పడ్డాను. వెనక కూర్చున్నవాళ్ళకి హెల్మెట్ ఎందుకులే అనుకునే ఊరు కదా మనది. ఎడమవైపు టెంపొరల్ లోబ్ (చెవి పక్కన ఉండే మెదడు భాగం) కమిలింది, ముందు భాగంలో కూడా కొంచెం ఉంది అని డిశ్చార్జి కాగితంలో రాశారు. ఆపరేషన్ అవసరం పడలేదు. ఇప్పుడు చూసేవాళ్ళకి నాకేమీ లేదు. నడుస్తాను, మాట్లాడతాను, చిన్నప్పటి సంగతులు, బళ్ళో బట్టీ పట్టిన పద్యాలతో సహా అన్నీ గుర్తే. పొద్దున జరిగింది మాత్రం సాయంత్రానికి ఉండదు. కూరలో ఉప్పు వేశానో లేదో తెలియదు, వచ్చినవాళ్ళకి కాఫీ ఇచ్చి కాసేపాగి మళ్ళీ కాఫీ తాగుతారా అని అడుగుతాను. మా ఆడపడుచు నవ్వేస్తుంది, అత్తగారు నవ్వరు.

ఒక ప్రైవేటు ఆఫీసులో బిల్లింగ్ చూసేదాన్ని, అది మానేశాను. ఇదివరకు నవలలు బాగా చదివేదాన్ని, ఇప్పుడు పది పేజీలు తిప్పేసరికి ఈ పాత్ర ఎవరో తెలియక వెనక్కి వెళ్ళాల్సి వస్తోంది. పుస్తకాల బీరువా తెరవబుద్ధి కావట్లేదు. సరే కొత్తగా ఏదైనా పట్టుకుందామని ఇంటి దగ్గరే కీబోర్డు క్లాసులో చేరాను. మాస్టారు మంచివారే. కానీ "నిన్న చెప్పాను కదమ్మా" అన్నప్పుడల్లా నాకు చెమటలు పడతాయి, ఎందుకంటే నిన్న క్లాసుకి వెళ్ళినట్టే గుర్తుండదు, నోటుబుక్కులో చూస్తే నా చేతిరాతే ఉంటుంది. ఇంట్లోవాళ్ళేమో ఉన్నవే గుర్తుండనప్పుడు కొత్తవి ఎందుకు, ఫోన్లో బ్రెయిన్ గేములు ఆడుకో, సుడోకు చెయ్యి అంటున్నారు.

ఇలాంటి స్థితిలో ఎవరైనా కొత్తగా ఏదైనా నేర్చుకున్నారా? ఏది పట్టుకుంటే నిలబడుతుంది? పాజిటివ్‌గా ఉండండి అని మాత్రం రాయకండి, ఆ వాట్సాప్ మెసేజీలు రోజూ వస్తూనే ఉన్నాయి.

బ్రాడీపేట 4వ లైను:

అక్కా, మాది గుంటూరు. మా అన్నయ్య మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో లెక్కలు చూసేవాడు, నోటితోనే టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క వడ్డీతో సహా చెప్పేసేవాడు. యాక్సిడెంట్ తర్వాత అచ్చం మీలాగే, పాతవన్నీ పదిలం, కొత్తవి జారిపోతాయి. మొదట మేం చెస్ బోర్డు కొనిచ్చాం, మెదడుకి మంచిదని. అది పెద్ద గొడవయింది. తను ఎందుకు ఆ గుర్రాన్ని అక్కడ పెట్టాడో రెండు ఎత్తుల తర్వాత తనకే గుర్తుండదు, బోర్డు ఎత్తి పడేసేవాడు. క్యారమ్స్ అయితే హాయిగా ఆడతాడు, ఎందుకంటే బిళ్ళలన్నీ ఎదురుగానే ఉంటాయి, వాటిని చూసి కొట్టడమే.

తర్వాత అమ్మ మేడ మీద కుండీల్లో తోటకూర, గోంగూర వేయించింది. మొదట్లో నారంతా కుళ్ళిపోయింది, నీళ్ళు పోసింది మర్చిపోయి మళ్ళీ మళ్ళీ పోసేవాడు. చార్టు రాసి గోడకి అంటించాం, టిక్కు పెట్టడం మర్చిపోయేవాడు. ఫోన్లో అలారం పెట్టాం, అది ఆపేసి ఎందుకు మోగిందో మర్చిపోయేవాడు. చివరికి అమ్మే చెప్పింది, నువ్వేమీ గుర్తు పెట్టుకోకురా, మట్టిలో వేలు గుచ్చి చూడు, తడి తగిలితే వదిలెయ్యి, పొడిగా ఉంటే పొయ్యి. అంతే. ఇప్పుడు రోజుకి ఎన్నిసార్లు మేడెక్కినా ఫర్వాలేదు, మొక్క చావదు. తోటకూర నెల లోపే కోతకి వస్తుంది కాబట్టి కష్టానికి ఫలితం త్వరగా కనిపిస్తుంది కూడా. మిరప మొక్కలు కూడా వేశాడు, ఆకు ముడత వస్తే ఇంట్లో అందరికంటే ముందు తనే పసిగడతాడు, అది యార్డుకి వచ్చే రైతుల మాటల్లోంచి ఎప్పుడో ఎక్కిన పాత జ్ఞానం.

నాకు అర్థమైంది ఏమిటంటే, మనం ఎక్కడ ఆగామో ఆ పనే మనకి చూపించాలి. అలాంటివి పట్టుకోండి. నవల అది చూపించదు, అల్లిక చూపిస్తుంది, సగం వేసిన ముగ్గు చూపిస్తుంది. ఒక్కడే బయట తిరగడానికి కూడా మాకు ఊరే కలిసొచ్చింది, బ్రాడీపేట, అరండల్‌పేట అన్నీ లైన్లు, అడ్డరోడ్లు నంబర్లతోనే ఉంటాయి కదా, జేబులో చీటీ మీద ఇంటి నంబరు ఉంటే చాలు, బోర్డులు చూసుకుంటూ వచ్చేస్తాడు. మీ బెజవాడ సందుల్లో ఆ సుఖం లేదు, సారీ.

రాత్రి డ్యూటీ:

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. ఇక్కడ రాసేది మీ న్యూరో డాక్టరు మాటకి బదులు కాదు.

బ్రాడీపేట తమ్ముడు చెప్పింది బంగారం. దానికి వెనకున్న కారణం కొంచెం చెప్తాను. జ్ఞాపకశక్తి అంటాం గానీ అదంతా మెదడులో ఒకే చోట ఉండదు. నిన్న ఎవరొచ్చారు, ఏం మాట్లాడారు లాంటివి నిలవాలంటే టెంపొరల్ లోబ్ లోపల ఉండే హిప్పోక్యాంపస్ పని చెయ్యాలి. సైకిల్ తొక్కడం, ముగ్గు తిప్పడం, వేళ్ళతో వాయించడం లాంటి చేతి అలవాట్లు ఎక్కువగా వేరే భాగాల మీద, అంటే బేసల్ గాంగ్లియా, చిన్నమెదడు మీద ఆధారపడతాయి. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ అమెరికాకి చెందిన హెన్రీ మొలైసన్. 1953లో ఫిట్స్ తగ్గించడానికి ఆయనకి రెండు వైపులా హిప్పోక్యాంపస్‌లో చాలా భాగం తీసేశారు. 2008లో చనిపోయేదాకా ఆయనకి కొత్త సంగతులు దాదాపు ఏవీ నిలవలేదు. బ్రెండా మిల్నర్ అనే సైకాలజిస్టు ఆయనతో అద్దంలో చూస్తూ నక్షత్రం గీతల మధ్య పెన్సిల్ నడిపించింది. మూడు రోజులు చేయించింది. ప్రతిరోజూ ఆయన ఇదేదో కొత్త పని అన్నట్టే కూర్చునేవాడు, చెయ్యి మాత్రం రోజురోజుకీ తప్పులు తగ్గించుకుంది.

మీ కేసు ఆయనంత తీవ్రం కాదు, మీరు ఇంత వివరంగా రాయడంలోనే తెలుస్తోంది. అయితే మీకు ముందు భాగంలో కూడా దెబ్బ ఉంది కాబట్టి ధ్యాస చెదరడం, త్వరగా అలసిపోవడం కూడా కలిసి ఉండొచ్చు. అన్నీ మతిమరుపు ఖాతాలోనే వెయ్యకండి. ఏది ఎంత ఉందో తేలాలంటే జ్ఞాపకం, ధ్యాస ఎలా ఉన్నాయో చూసే న్యూరోసైకాలజీ పరీక్షలు చేయించుకోవాలి, బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఆ విభాగం ఉంది, ఇక్కడ ఎవరు చేస్తారో మీ డాక్టరుని అడగండి.

ఇక కీబోర్డు సంగతి. మాస్టారు "తర్వాత ఏ స్వరం, ఆలోచించి చెప్పు" అని అడుగుతున్నారేమో చూడండి. అది మామూలు పిల్లలకి మంచిదే, మీకు కాదు. జ్ఞాపకం బలహీనంగా ఉన్నవాళ్ళు ఊహించి తప్పు చెప్తే, సరిదిద్దిన సంగతి మర్చిపోతారు, తప్పే వేళ్ళకి అలవాటైపోతుంది. అలన్ బడ్‌లీ, బార్బరా విల్సన్ 1994లో రాసిన పరిశోధన దీని గురించే. అందుకని మొదట ఆయనే వాయించి చూపాలి, వెంటనే మీరు వాయించాలి, తప్పుకి చోటివ్వకుండా. వచ్చాక ఒక నిమిషం ఆగి మళ్ళీ, తర్వాత రెండు, ఐదు, ఇలా ఎడం పెంచుకుంటూ పోవాలి. ఒక్క సరళీ వరసని వారం లాగినా తప్పులేదు, సంగీతంలో ఎలాగూ అదే సాధన.

బ్రెయిన్ గేముల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఆడినకొద్దీ ఆ ఆటలో స్కోరు పెరుగుతుంది, కూరలో ఉప్పు గుర్తుండటానికి అది పనికొస్తుందనడానికి ఆధారాలు బలంగా లేవు. 2016లో అమెరికాలో ఒక పెద్ద యాప్ కంపెనీ, ప్రకటనల్లో మరీ గొప్పలు చెప్పుకుందని అక్కడి ప్రభుత్వ సంస్థ కేసు పెడితే 20 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. సరదాకి ఆడుకోండి, మందు అనుకుని ఆడకండి.

ఫిట్స్ వచ్చాయా? వస్తే, లేదా ఫిట్స్ మందు వాడుతుంటే, ఎత్తులెక్కే పనులు, ఒంటరిగా నీళ్ళలో దిగే పనులు డాక్టరుని అడగకుండా వద్దు. లెవెటిరాసిటమ్ లాంటి మందులతో కొందరికి మగతగా, చిరాగ్గా ఉంటుంది, అలాగైతే చెప్పండి, మీ అంతట మీరు ఆపెయ్యకండి. ఒక్కమాట చివర్లో, పాత హాబీలని పూర్తిగా వదలకండి. పాత జ్ఞాపకాలు భద్రంగా ఉన్నాయి కాబట్టి వాటిలోకి వెళ్ళడం తేలిక.

కరకట్ట మీద సైకిల్:

పై మేడమ్ చెప్పినవన్నీ ఒప్పుకుంటా, ఆ చివరి మాట తప్ప. నాకూ తలకి దెబ్బే, మాది విజయవాడలోనే కృష్ణలంక. నేను బొమ్మలు గీసేవాణ్ణి, పోర్ట్రెయిట్లు, పదిమంది మెచ్చుకునేవాళ్ళు. దెబ్బ తర్వాత పెన్సిల్ పట్టుకుంటే పక్కనే పాత స్కెచ్ పుస్తకం కూర్చుని వెక్కిరించినట్టుండేది. ఇంటికొచ్చినవాళ్ళు కూడా, ఇదివరకు భలే గీసేవాడివిరా అంటారు. ఆ "ఇదివరకు" వింటే ఒళ్ళు మండుతుంది. కొత్త పనిలో ఆ గొడవ లేదు. ఇదివరకు నేనెలా చేశానో ఎవడికీ తెలియదు, నాకూ తెలియదు.

మా బాబాయి వాళ్ళు కొండపల్లిలో ఉంటారు. ఆయన ద్వారా రంగు వెయ్యని బొమ్మలు తెచ్చుకుని రంగులేయడం నేర్చుకున్నా. తెల్ల పొణికి చెక్క, దూదిలా తేలిగ్గా ఉంటుంది. కాళ్ళూ చేతులూ విడిగా చెక్కి చింతగింజల పిండి, చెక్కపొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అదంతా వాళ్ళ పని, మనది బ్రష్షే. ఏనుగు అంబారీకి ఎరుపు వేస్తూ మధ్యలో వదిలేశాననుకోండి, మర్నాడు చూస్తే ఎక్కడ ఆగానో అదే చెప్తుంది, తమ్ముడు చెప్పినట్టు. రంగు డబ్బా మూత పెట్టడం మర్చిపోతా, డబ్బులు దండగ, అంతే నష్టం.

ఇంకోటి, మధ్యాహ్నం ఏదీ పెట్టుకోకండి. మన ఊరి మే నెలలో మామూలు బుర్రలే పనిచెయ్యవు. నాకు పొద్దున ఏడింటి నుంచి ఒక గంట బాగుంటుంది, తర్వాత బుర్ర మూతబడుతుంది. అక్కడితో ఆపెయ్యాలి, ఇంకొంచెం చేద్దాం అని లాగితే ఆ రోజంతా పడుకోవాల్సిందే.

రాత్రి డ్యూటీ:

మీరు చెప్పింది కాదనను. పాతది ఎవరికి ఓదార్పో ఎవరికి పుండో మనిషిని బట్టి ఉంటుంది. ఏలూరు రోడ్డు గారికి నవలలు పుండు అయినట్టే ఉంది.

ఏలూరు రోడ్డు:

ఇవన్నీ మా ఆయన చేత ప్రింటు తీయించుకున్నాను, లేకపోతే మళ్ళీ ఇదే ప్రశ్న ఇక్కడే అడుగుతాను. పుండే అండి, సరిగ్గా చెప్పారు. ఫిట్స్ ఒకసారి వచ్చాయి, మందు వాడుతున్నాను, చిరాకు సంగతి ఈసారి అడుగుతా. క్రోషే మొదలుపెట్టాలని ఉంది, మా అమ్మమ్మ బల్ల మీద గుడ్డలు అల్లేది, నేనెప్పుడూ ముట్టుకోలేదు కాబట్టి ఇదివరకు అనేది లేదు. కానీ కీబోర్డు వదలబుద్ధి కావట్లేదు. మాస్టారికి ఇదంతా ఎలా చెప్పాలి? సిగ్గుగా ఉంది. క్లాసుకి వెళ్ళాక చెప్పాలన్న సంగతే గుర్తుండదు, అది ఇంకో తమాషా.

రాత్రి డ్యూటీ:

నోటిమాటగా వద్దు. నోటుబుక్కు అట్ట మీద మాస్టారికి కనిపించేలా నాలుగు ముక్కలు రాసి పెట్టండి: నాకు తలకి దెబ్బ తగిలింది, నిన్నటి పాఠం గుర్తుండదు, ముందు మీరు వాయించి చూపండి, ప్రశ్న అడగొద్దు. క్లాసు చివర్లో ఆయన వేళ్ళు మాత్రమే కనిపించేలా ఆ రోజు పాఠాన్ని రెండు నిమిషాలు మీ ఫోన్లో వీడియో తీయించుకోండి. పేరు పెట్టి దాచే పని మీ ఆయనకి అప్పగించండి. నోటుబుక్కులో రాసుకోవడం కంటే అది మేలు, వేళ్ళు వేళ్ళని చూసి నేర్చుకుంటాయి.

బ్రాడీపేట 4వ లైను:

ఫోన్‌కి తాడు కట్టి మెడలో వేసుకోండి అక్కా. మా వాడి ఫోను బియ్యం డబ్బాలో దొరికింది.