సమస్యాపూరణం: ఓడ మునుఁగంగ దంపతు లుల్లసిలిరి

పృచ్ఛకుడు: ఈ వారం సమస్య పైనే ఉంది. తేటగీతి చివరి పాదం, ముందు మూడు పాదాలూ మీరు రాయాలి. ముందు పాదాన్ని బట్టి 'యోడ' అనో 'నోడ' అనో మార్చుకోవచ్చు, యతికి ఇబ్బంది రాదు.

ఈ పాదం ఎక్కడిదంటే, వచ్చే జనవరిలో నేనూ మా ఇంటావిడా ఫ్లోరిడాలో ఓడెక్కి, కొలంబియాలోని కార్టహేనా చూసుకుని, పనామా కాలువ దాటి శాన్ డియేగోలో దిగబోతున్నాం. ఎవరికి చెప్పినా ముందు 1912 నాటి టైటానిక్ మునక గుర్తుచేసి, ఆ తరవాతే శుభాకాంక్షలు చెబుతున్నారు. సరే, ముంచే ముంచండి, కానీ మేం సంతోషించేలా ముంచండి.

గోదారి గట్టు:

వాన వచ్చెను, వాకిట వరద గట్టె,
చిట్టి మనుమఁడు మడిచెను చీటి యొకటి,
బిల్లు కాగిత మదియని విరియ నవ్వి
యోడ మునుఁగంగ దంపతు లుల్లసిలిరి

ఛందోమిత్ర: మూడో పాదంలో బ-వ యతి చక్కగా కుదిరింది. 'బిల్లు' అన్యదేశ్యమే అయినా ఇక్కడ ఇంకో మాట అతకదు. కాగితప్పడవ పూరణ అందరికీ తట్టేదే గాని, మడిచిన కాగితం ఓడ ప్రయాణం బిల్లే కావడం బాగుంది.

గోదారి గట్టు: ధన్యవాదాలండీ. అసలు బిల్లు ఈమెయిల్లో భద్రంగా ఉంటుంది, పృచ్ఛకులు టెన్షన్ పడక్కర్లేదు.

కొత్తకలం: తప్పులుంటే పెద్దలు సరిదిద్దాలి.

కడలి నడుమను డెక్కుపైఁ గలసి నిలిచి
చేయి చేయిని బట్టుక చేరి యుండి
వెల్లివిరిసిన వెన్నెల వెల్లి యందు
నోడ మునుఁగంగ దంపతు లుల్లసిలిరి

ఛందోమిత్ర: గణాలు, యతులు సరిపోయాయి. ఒకే పాదంలో 'వెల్లి' రెండుసార్లు పడింది. 'పాలు పోసిన వెన్నెల వాన యందు' అంటే ఆ పునరుక్తి పోతుంది. 'కలసి నిలిచి', 'చేరి యుండి' కూడా దాదాపు ఒకటే. రెండో పాదానికి ఇంకేదైనా పని అప్పగించండి.

కొత్తకలం: రెండో పాదం మార్చి రాస్తాను. కానీ మాస్టారూ, వానలో తడుస్తారు, మునగరు కదా? వెల్లి అంటే వెల్లువ కాబట్టి దాన్నే ఉంచేస్తాను.

ఛందోమిత్ర: ఉంచండి. నా సవరణే తడిసిపోయింది!

విశాఖ సరంగు: నేను సరుకు ఓడల్లో పనిచేసినవాణ్ణి. ఆ కాలువ దాటాను కాబట్టి చూసిందే రాస్తున్నా.

పనమ కాల్వను నీరెల్ల వదలిపోవ
గోడ లిరువైపులను లేవఁ గొండ లనఁగ
మెట్టు మెట్టుగ దిగువకు మెల్లమెల్ల
నోడ మునుఁగంగ దంపతు లుల్లసిలిరి

ఛందోమిత్ర: రెండో పాదం చాలా బాగుంది. అయితే 'పనామా'ను గణం కోసం 'పనమ' చేశారు. ఊరి పేరును కురచ చేయడం నాకు నచ్చదు. 'ఆ పనామాను నీరెల్ల నడుగు జార' అంటే ఆ-అ యతితో సరిపోతుంది. ఇంకొకటి: ఓడ దిగిందే గాని మునగలేదు కదా?

విశాఖ సరంగు: సవరణకు దండం. మునక సంగతి మాత్రం ఒప్పుకోను. కరీబియన్ వైపు నుంచి వెళితే గాటూన్ దగ్గర మూడు మెట్లలో ఓడను సముద్రమట్టానికి 26 మీటర్ల ఎత్తున్న సరస్సులోకి ఎక్కిస్తారు. అటు చివర పెడ్రో మిగెల్ దగ్గర ఒక మెట్టు, మిరాఫ్లోరెస్ దగ్గర రెండు మెట్లు దించుతారు. మన కాలువల లాకుల్లాంటివే (నీరు నింపి, తీసి పడవను ఎత్తి దించే గదులు), కాకపోతే రాక్షస లాకులు. 1914 నుంచీ ఇదే పద్ధతి. నీరు పల్లానికి తనంతట తాను పారడమే, తోడే పంపులుండవు. పెద్ద ఓడైతే పాత లాకుల్లో పక్కగోడకి రెండడుగులే ఖాళీ ఉంటుంది. నీరు తీస్తుంటే, ఇందాక కాళ్ళ కిందున్న గోడ అంచు మోకాళ్ళ దాకా, నడుం దాకా, తలమీద దాకా లేస్తుంది. కింది డెక్కు మీద నిలబడ్డవాడికి ఓడ మునిగినట్టే ఉంటుంది.

పృచ్ఛకుల వారికి ఒక మాట. ఆ రోజు చీకటితోనే లేచి ముందువైపు డెక్కు మీద చోటు పట్టుకోండి. టిఫిన్ తరవాత చూద్దాంలే అనుకుంటే జనం వీపులే కనిపిస్తాయి. గది ఇంకా ఖాయం కాకపోతే ఓడ మధ్యలో, కింది అంతస్తులో తీసుకోండి, ఊపు తక్కువ.

పృచ్ఛకుడు: గది మార్పించాను సరంగు గారూ. పద్యం అచ్చు తీయించి పెట్టెలో పెట్టుకుంటున్నా.

తులసికోట: సమస్య ఇచ్చినాయన ఇంటావిణ్ణి. నేనూ ఒకటి రాశాను.

ఈతకొలనొండు నౌకపై నింపు గూర్చె,
నీరు చూచిన వడఁకుట నిన్నమాట,
నేఁడు చేయూఁత నొండొరు నిలువ భయము
లోడ, మునుఁగంగ దంపతు లుల్లసిలిరి

విశాఖ సరంగు: అమ్మా, అసలు ఓడే లేకుండా చేశారు! నావికుడి పొట్ట కొట్టారు.

ఛందోమిత్ర: భయములు + ఓడ, అంటే భయాలు ఓడిపోగా! విరుపంటే ఇదీ. ఈ వారం దీనికే నా ఓటు. చిన్న సందేహం మాత్రం ఉంది. 'మునుఁగంగ', 'ఉల్లసిలిరి' రెండింటికీ కర్త ఒకటే అయితే 'మునిఁగి' అనాలి. సమస్య పాదం కనుక మార్చలేం, అంతే.

తులసికోట: కర్త ఒకటే అని ఎవరన్నారండీ? మునిగేది నేను. ఉల్లసిల్లేది ఇద్దరం. ఆయన గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడతారు.